ముందు తీసిన ముద్ద

రెండు వారాల క్రితం ఒక సోదరి దగ్గరనుంచి ఉత్తరం వచ్చింది. పిల్లలు పోరుపెట్టి ఒక కుక్కపిల్లను తెచ్చుకున్నారట. "దుకాణంలో సంచీల్లో అమ్మే తిండి తప్ప మరేదీ పెట్టకూడదని పక్కింటివారంటున్నారు. మా అమ్మమ్మగారింట్లో కుక్కలు మనం తిన్నదే తిని పదేసి ఏళ్ళు బతికాయి. వాటికి లేని ఇబ్బంది దీనికెందుకు? ఇంట్లో వండింది పెట్టవచ్చునా, కూడదా? ఒక్క ముక్కలో చెప్పండి" అని అడిగింది.

ఒక్క ముక్కలో చెప్పాలంటే, పెట్టవచ్చు. కాని ఆ మాట వెనకాల కొన్ని షరతులున్నాయి. అవి నేను ముందే తెలిసి పాటించినవి కావు. కిందటేడు సంక్రాంతి వెళ్ళిన పదిరోజులకు మా ఇంట్లో జరిగిన ఒక సంగతివల్ల నేర్చుకున్నవి. ఆ సంగతి చెప్పుకోవడం నాకేమంత గొప్పకాదు. అయినా మరొకరింట్లో జరగకుండా ఉంటుందని చెబుతున్నాను.

మా కుక్క పేరు బూరెగాడు. జాతికుక్క కాదు, మా వీధిలో పుట్టినవాడే. ఒక శ్రావణ శుక్రవారంనాడు మా అత్తయ్యగారు బూరెలు వేయిస్తుంటే పెరటి గుమ్మంలోకి వచ్చి, పిలిచినట్టే కూర్చున్నాడు. ఒంటి రంగు కూడా అప్పుడే మూకుట్లోంచి తీసిన బూరె రంగే. ఆవిడే ఆ పేరు పెట్టారు. అప్పటికి మామయ్యగారు పోయి ఏడాది కాలేదు. ఒక్కరూ కూర్చుని తినాలంటే ఆవిడకు ముద్ద దిగేది కాదు. "ఆకలి లేదే అమ్మాయ్" అని కంచం ముందునుంచి లేచిపోయేవారు. బూరెగాడు వచ్చాక ఆ మాట మళ్ళీ వినబడలేదు. ఆవిడ భోజనానికి కూర్చుంటే వాడు రెండడుగుల దూరంలో ముందుకాళ్ళు చాచుకుని కూర్చునేవాడు. ఆవిడ నాలుగు ముద్దలు తిని అయిదోది వాడికి వేసేవారు. పప్పయితే పప్పు, పులుసయితే పులుసు. నేను చూసి సంతోషించేదాన్నే గాని ఒక్కనాడూ వద్దనలేదు. అనడానికి నోరెలా వస్తుంది?

సంక్రాంతి వెళ్ళాక మా ఆడబిడ్డ పురిటికి సాయంగా వెళ్ళి పదిరోజులు అక్కడే ఉండిపోయాను. ఇంట్లో తల్లీ కొడుకులిద్దరే. ఇద్దరికీ ఉల్లిపాయ పులుసంటే ప్రాణం. చిన్న ఉల్లిపాయలు పాయల పళంగా వేసి, ఇంత గిన్నెడు పులుసు కాచి ఫ్రిజ్‌లో పెట్టుకుని రోజూ వెచ్చబెట్టుకున్నారట. పులుసుకు రుచంతా ముక్కల్లోనే ఉంటుందని, అత్తయ్యగారు ముక్కలన్నీ ఏరి ఏరి బూరెగాడికే వేశారట.

నేను రిక్షా దిగేసరికి రోజూ గేటుమీదికి దూకేవాడు వరండాలోంచి లేవలేదు. తోక మాత్రం రెండుసార్లు నేలకు కొట్టాడు. దగ్గరికి వెళ్ళి పెదవి ఎత్తి చూస్తే చిగుళ్ళు సున్నం కొట్టినట్టు తెల్లగా ఉన్నాయి. "నిన్నటినుంచి వాడి మూత్రం కాఫీ డికాక్షన్‌లా పోతోందోయ్, ఎండకేమో అనుకున్నాం" అన్నారు మావారు. జనవరిలో ఎండేమిటి!

పశువుల డాక్టరుగారు రక్తం తీసి పరీక్ష చేయించి, "ఏం పెడుతున్నారమ్మా వీడికి?" అని అడిగారు.

"మేం తినేదేనండి" అన్నాను, కాస్త గర్వంగానే.

"అదే వచ్చింది చిక్కు" అన్నారాయన.

ఉల్లిపాయలో గంధకంతో కూడిన పదార్థాలుంటాయి. అవి కుక్క రక్తంలో ఎర్రకణాలను లోపలినుంచి పాడుచేస్తాయి. పాడైన కణాలు చితికిపోతాయి, ఆ రంగే మూత్రంలో కనబడుతుంది. మన రక్తానికి ఆ బెడద లేదు. వాటి రక్తానికి ఉంది. కుక్క బరువులో కిలోకు 15 నుంచి 30 గ్రాముల ఉల్లి కడుపులోకి వెళితే చాలు, రక్తంలో తేడా తెలుస్తుంది. 11 కిలోల మా వాడికి లెక్క కడితే 165 గ్రాములు. అంటే మధ్యరకం ఉల్లిపాయలు రెండు. ఒకేసారి తిననక్కరలేదు, రోజూ కాస్త కాస్త తిన్నా చెరుపే. వండినా, వేయించినా, ఎండబెట్టి పొడి చేసినా ఆ గుణం పోదు. వెల్లుల్లిదీ అదే కుటుంబం. పైగా తిన్న రోజున ఏమీ తెలియదు. మూడు నాలుగు రోజులు పోయాకగాని నీరసం బయటపడదు. అంచేత ఏ ముద్ద ఏం చేసిందో మనకు తట్టదు.

"మూత్రపిండాలు బాగానే ఉన్నాయి, మీ అదృష్టం" అన్నారు డాక్టరుగారు. పులుసులో ఉల్లిపాయేగాక చింతపండు కూడా ఉంది గదా! ద్రాక్షపళ్ళు, కిస్‌మిస్‌లు కుక్కల మూత్రపిండాలను దెబ్బతీస్తాయని చాలాకాలంగా తెలుసు. ఎందువల్లనో తెలియదు. 2021లో అమెరికాలో విషాల చికిత్స చూసే పశువైద్యులు, అందుకు కారణం వాటిలో ఉండే టార్టారిక్ ఆమ్లం కావచ్చునన్నారు. మరుసటి ఏడు 2022లో, చింతపండు తిన్న కుక్కలకు కూడా అదే విధంగా మూత్రపిండాలు దెబ్బతిన్న సంగతి వైద్యపత్రికలో ప్రకటించారు. చింతపండు పులుపులో ఎక్కువ పాలు ఆ ఆమ్లానిదే. ద్రాక్ష మాట ఎలా ఉన్నా, చారూ పులుసూ లేనిదే పూట గడవని మన ఇళ్ళకు ఈ కబురు అందవలసిన కబురు.

బూరెగాణ్ణి రెండు రోజులు అక్కడే ఉంచి సెలైను ఎక్కించారు. రక్తం ఇంకా తగ్గితే మరో కుక్క రక్తం ఎక్కించవలసి ఉంటుందన్నారు. ఆ అవసరం రాలేదు. ఇంటికి తెచ్చాక చిగుళ్ళు మళ్ళీ ఎర్రబడటానికి మూడు వారాలు పట్టింది.

వాడు కోలుకున్నాడు గాని అత్తయ్యగారు కోలుకోలేదు. ఎవరూ ఆవిణ్ణి ఒక్క మాటైనా అనలేదు. అనవలసిన అవసరమే లేకపోయింది. భోజనానికి కూర్చునే ముందు వాణ్ణి వరండాలో పెట్టి తలుపు వేసేవారు. వాడు తలుపు అవతల గీరేవాడు. ఆవిడ ఇవతల కంచంలో మెతుకులు కెలుకుతూ కూర్చునేవారు. మళ్ళీ "ఆకలి లేదే అమ్మాయ్" మొదలయింది. ఒకనాడు నా వంక చూడకుండానే, "నా చేత్తో విషం పెట్టానే వాడికి" అన్నారు. నాకు జవాబు తోచలేదు.

ఇక నేనేం ఘనకార్యం చేశానో కూడా చెప్పాలి. ఆ భయంతో ఉల్లీ లేదు, పులుపూ లేదు, ఉప్పూ లేదు. ఉడికించిన కోడిమాంసం, అన్నం, పైన ఒక గరిటె పెరుగు. రెండు నెలలపాటు నా చేత్తో నేనే కలిపి పెట్టి, ఇంతకన్న శ్రేష్ఠమైన తిండి ఏ కుక్కకుందని మురిసిపోయాను. మళ్ళీ చూపించడానికి తీసుకువెళితే డాక్టరుగారు, "జబ్బు పడ్డప్పుడు పదిరోజులకు ఇది బాగానే ఉంటుందమ్మా. ఏడాది పొడుగునా ఇదే పెడితే వీడి ఎముకలు వీడే తింటాడు" అన్నారు.

మాంసంలో భాస్వరం ఎక్కువ, కాల్షియం బహు తక్కువ. కుక్క శరీరానికి భాస్వరం ఎంతో, కాల్షియం కనీసం అంతైనా కావాలి. తిండిలో దొరక్కపోతే శరీరం తన ఎముకల్లోంచి తీసి వాడుకుంటుంది. పెద్ద కుక్కల్లో ఇది తెలియకుండా సాగుతుంది. పిల్లల్లో అయితే కాళ్ళు వంకరలు పోతాయి, చిన్న గెంతుకు ఎముక విరుగుతుంది. మనలాగా ఎండలో పడుకుంటే వాటికి విటమిన్ డి తయారవుతుందనుకోవడం కూడా పొరపాటే. కుక్క చర్మానికి ఆ శక్తి లేదన్నంత తక్కువ. అది తిండిలోనే రావాలి. జింకు, రాగి, అయొడిన్, విటమిన్ ఇ కూడా అన్నం, కోడిమాంసాల్లో చాలినంత ఉండవు.

అమెరికాలో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్ శాఖలోని పశువైద్యులు, పుస్తకాల్లోనూ ఇతర చోట్లా అచ్చయిన 200 కుక్కల వంటకాలను లెక్కకట్టి 2013లో ఫలితం ప్రకటించారు. నూటికి 95 వంటకాల్లో ముఖ్యమైన పోషకం ఏదో ఒకటి తక్కువగా ఉందట! వాటిలో కొన్ని పశువైద్యులు రాసినవే. అలాంటిది నా గరిటె లెక్క ఏపాటిది? అత్తయ్యగారు నాలుగు రోజుల్లో చేసిన పొరపాటు నాలుగోనాడు బయటపడింది. నాది ఏళ్ళ తరబడి బయటపడకుండా సాగేది. తేడా అంతే.

సరే, ఇప్పుడు సోదరి ప్రశ్నకు వస్తాను.

అమ్మమ్మగారింటి కుక్కలు బతికాయన్నది నిజమే. అవి మనం వేసిన ముద్దతోబాటు ఎలకల్నీ, పొలంగట్టున దొరికినవాటినీ కూడా తిన్నాయి. పైగా బతికినవే మనకు జ్ఞాపకముంటాయి. చచ్చినదాన్ని గురించి "ఏదో తిని చచ్చింది పాపం" అనుకుని ఊరుకునేవాళ్ళం. ఆ "ఏదో" ఏమిటని ఎవరడిగారు?

అలాగని అన్నమే పనికిరాదనేవారి మాట వినకండి. కుక్క తోడేలు సంతతే అయినా వేల ఏళ్ళు మన గుమ్మంలో బతికింది. పిండిపదార్థాన్ని అరిగించే శక్తి కుక్కకు తోడేలుకన్న చాలా ఎక్కువని, అందుకు కారణమైన జన్యువు ప్రతులు కుక్కలో ఎక్కువగా ఉన్నాయని స్వీడన్ శాస్త్రజ్ఞులు 2013లో 'నేచర్' పత్రికలో చూపించారు. కాబట్టి మెత్తగా ఉడికిన అన్నం వాటికి పరాయిది కాదు. చిక్కంతా అన్నంలో మనం కలిపేదానితోనూ, అన్నంతోబాటు మనం పెట్టనిదానితోనూ.

పెట్టకూడనివి ముందు చెబుతాను. ఉల్లి, వెల్లుల్లి, ఇవి పడ్డ కూరలు, కారప్పొడులు, పకోడీలు. చింతపండు పడ్డ చారు, సాంబారు, పులిహోర. ద్రాక్ష, కిస్‌మిస్. మన పాయసంలోనూ చక్రపొంగలిలోనూ కిస్‌మిస్‌లుంటాయని మరచిపోకండి. చాక్లెట్టు కూడదు. పంచదార లేనివని అమ్మే బబుల్‌గమ్ములూ, బిళ్ళలూ మరీ కూడదు. వాటిలో కొన్నిటిలో జైలిటాల్ అనే తీపి ఉంటుంది. కుక్క తింటే రక్తంలో చక్కెర గంటలోపలే దారుణంగా పడిపోవచ్చు, కాలేయమూ చెడవచ్చు. ఉడికిన ఎముకలు కోడివైనా మేకవైనా వద్దు. ఉడికితే పెళుసెక్కి సూదుల్లా చీలి పేగుల్లో గుచ్చుకుంటాయి. ఆవకాయ నూనె, వేపుళ్ళు, మాంసం కొవ్వు కడుపులో క్లోమగ్రంథిని వాపెక్కిస్తాయి. పచ్చిమాంసం పెట్టాలనేవారున్నారు గాని, దానిలోని క్రిములు కుక్కనే గాక గిన్నె కడిగే మనల్నీ పట్టుకుంటాయి. గుడ్డు కూడా ఉడికించే పెట్టండి.

ఇక పెట్టదగినవి. 10 కిలోల బరువున్న, ఎదుగుదల పూర్తయిన ఇంటి కుక్కకు రోజుకు సుమారు 600 కెలొరీలు కావాలి. ఎముక లేకుండా ఉడికించిన కోడిమాంసం 150 గ్రాములు, అన్నం 200 గ్రాములు, ఉడికించిన గుమ్మడికాయో క్యారెట్టో బీన్సో కలిపి ఒక 80 గ్రాములు, నూనె ఒక చెంచా. ఇది ఇంచుమించు ఆ లెక్కకు వస్తుంది. రెండు పూటలకు పంచుకోవాలి. మాంసం వండనివారు ఉడికిన గుడ్లు, పెరుగు, పనీరు, మెత్తగా ఉడికిన పెసరపప్పుతో నడుపుకోవచ్చు. ఏది పెట్టినా, పైన చెప్పిన కాల్షియం, విటమినుల పొడి డాక్టరుగారు బరువుచూసి రాసిచ్చింది, రాసినంత, కొలిచి కలపాలి. అది లేకుండా ఈ కొలతలు అసంపూర్ణం. గుడ్డుపెంకు పొడితో కాల్షియం వస్తుంది గాని మిగతావి రావు.

మీది కుక్కపిల్ల అన్నారు. దాని విషయంలో ప్రయోగాలు వద్దు. ఎదిగే ఎముకకు కాల్షియం తక్కువైనా ముప్పే, పెద్దజాతి పిల్లలకు ఎక్కువైనా ముప్పే. ఏడాది నిండేదాకా, పెద్దజాతిదయితే ఇంకా కొన్ని నెలలు, పిల్లలకోసమే తయారుచేసిన పూర్తి తిండి పెట్టి, ఇంటి వంట అందులో పదోవంతు మించకుండా చూడండి. పదోవంతు వల్ల లెక్క తప్పదు, పిల్లలకు తమ చేత్తో పెట్టామన్న సరదా తీరుతుంది. తర్వాత మార్చదలిస్తే వారం పదిరోజుల మీద, కొంచెం కొంచెంగా మార్చండి. పొరపాటున తినకూడనిది తింటే, కులాసాగానే ఉందిగదా అని చూస్తూ కూర్చోకండి. వెంటనే డాక్టరుకు ఫోను చెయ్యండి. ఉప్పునీళ్ళు తాగించి కక్కించే పాతవైద్యం మాత్రం చెయ్యకండి. ఆ ఉప్పే ప్రాణం తీయవచ్చు.

ఇదంతా నేను కాగితం మీద రాసి వంటింటి గోడకు అంటించాను. అయినా అత్తయ్యగారి తలుపు తెరుచుకోలేదు. ఇది పెట్టవద్దు, అది పెట్టవద్దు అని రాసిన కాగితం ఆవిడకు నేరపత్రంలా కనిపించి ఉంటుంది. అప్పుడు తట్టింది నాకు.

మర్నాడు పొద్దున్న చిన్న తూకం మిషను ఆవిడ ముందు పెట్టి, "అత్తయ్యగారూ, నాకు ఆఫీసు తొందరలో గ్రాములు తప్పిపోతున్నాయి. ఇకనుంచి వాడిది మీరే తీసిపెట్టాలి. తిరగమోత వెయ్యకముందు, ఉప్పూ కారం పడకముందు, అన్నంలోంచీ కూరముక్కల్లోంచీ మొదట వాడి వంతు తీసి పక్కన పెట్టండి" అన్నాను.

ఆవిడ కళ్ళజోడు సవరించుకుని ఆ మిషనుకేసి కాసేపు చూశారు. "మా అత్తగారు అలాగే చేసేవారే. అన్నం వార్చగానే మొదటి గరిటె కాకికి, రెండోది కుక్కకు. ఆ రెండూ తీశాకే ఇంట్లో ఎవరికైనా. ఆవిడ పోయాక నేనే మానేశాను. చివర్న మిగిలింది వెయ్యడం నేను మొదలుపెట్టిందే" అన్నారు.

వైశ్వదేవం చేసే ఇళ్ళలో భోజనానికి ముందు కాకులకూ కుక్కలకూ చీమలకూ ముద్దలు తీసే ఆచారం ఉండేది. పుణ్యంకోసం చేసినా, ఆ ముద్ద ఉల్లీ పులుపూ తగలని ఉత్త అన్నం. నేను డాక్టరుగారి దగ్గర నేర్చుకున్నదంతా ఈ ఒక్క మాటలో ఇమిడింది. కుక్కకు పెట్టవలసింది చివర మిగిలినది కాదు, మొదట తీసినది. చివర మిగిలినదానిలో మన రుచులన్నీ పడి ఉంటాయి. మొదట తీసినదానిలో వాడి అవసరం ఒక్కటే ఉంటుంది.

ఇప్పుడు మా ఇంట్లో పొద్దున్న పొయ్యి దగ్గర మొదట వినబడేది స్టీలు గిన్నె తూకంమీద పెట్టిన చప్పుడు. నూట యాభై అంకె దాటి నాలుగు గ్రాములు ఎక్కువైతే ఆవిడ ఒక ముక్క తీసి వెనక్కి వేస్తారు. మధ్యాహ్నం ఆవిడ భోజనానికి కూర్చున్నప్పుడు వాడి గిన్నె కూడా పక్కనే పెట్టుకుంటారు. తను నాలుగు ముద్దలు తింటారు. అయిదోది వాడి గిన్నెలోంచి తీసి వాడికి వేస్తారు.

వరండా తలుపు వెయ్యడం మానేశాం.